పెద్ద ఇంటి నుంచి ఫ్లాట్‌కి మారేటప్పుడు స్టీరియో స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి: మొదటి నుంచి చివరిదాకా

ఇండిపెండెంట్ ఇల్లు అమ్మేసో, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసో ఫ్లాట్‌లోకి మారేవాళ్ళు హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఉన్నారు. సైనిక్‌పురి, మారేడ్‌పల్లి, హబ్సిగూడ, వనస్థలిపురం వైపు ఇళ్ళు వదిలేసి, పిల్లలకి దగ్గరగా ఉంటుందని కొండాపూర్, నల్లగండ్ల, మియాపూర్ వైపు 2 బీహెచ్‌కేలోకో 3 బీహెచ్‌కేలోకో వస్తున్నారు. సోఫా ఏం చేద్దాం, బీరువా ఎక్కడ పెడదాం అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. పాటల సిస్టమ్ సంగతి మాత్రం ప్యాకర్స్ గుమ్మంలోకి వచ్చాక ఒక్క మాటలో తేల్చేస్తారు, అయితే అమ్మేస్తారు, లేదంటే అవే పెద్ద పెద్ద టవర్ స్పీకర్లు తెచ్చి కొత్త హాల్లో మూలకి నొక్కేసి, ఆ గుమ్మనే శబ్దం భరించలేక నెలకే వినడం మానేస్తారు. ముప్పై ఏళ్ళు ఇష్టంగా పాటలు విన్నవాళ్ళు అలా మానేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చిన్న గదిలో సంగీతం చాలా బాగా వినొచ్చు, దానికి తగ్గ స్పీకర్ ఉండాలంతే.

అందుకే ఈ వరసలో వెళ్ళండి: ముందు మీరు కూర్చునే చోటు, తర్వాత స్పీకర్ నిలబడే చోటు, ఆ తర్వాతే మోడల్. షోరూమ్‌కి వెళ్ళేది అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ముందు గది ఏదో తేల్చండి

ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన రోజే టేపు, కాగితం పట్టుకుని వెళ్ళండి. హాల్లోనే పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. కానీ మన ఫ్లాట్లలో హాలూ డైనింగూ కలిసే ఉంటాయి, పక్కనే కిచెన్, మిక్సీ, కుక్కర్ విజిల్, టీవీ, వచ్చేపోయేవాళ్ళు. పిల్లలు వచ్చినప్పుడు తప్ప వాడని రెండో బెడ్‌రూమ్ ఉంటే, తలుపు వేసుకుని వినే అలవాటు మీకుంటే, నా ఓటు దానికే. హాలుకీ ఒక లాభం ఉంది, కాదనను. అది పొడుగ్గా ఉండి డైనింగ్‌లోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి బేస్ (పాటలో కింది, బరువైన శబ్దం) ఒకచోట కూడుకోదు. చిన్న బెడ్‌రూమ్‌లో నాలుగు గోడలూ దగ్గరగా ఉంటాయి, బేస్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

కాగితం మీద గీసేటప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తుతో పాటు తలుపులు ఎటు తెరుచుకుంటాయో, బాల్కనీ స్లైడింగ్ డోర్ ఎటుందో, ప్లగ్ పాయింట్లు ఏ గోడకున్నాయో రాసుకోండి. ప్లగ్ పాయింట్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కొత్త అపార్ట్‌మెంట్ టవర్లు చాలావరకు మివాన్ పద్ధతిలో కట్టినవి, అంటే ఇటుక గోడ కాదు, గోడలన్నీ కాంక్రీటే. పాత ఇంట్లో లాగా గోడ కొట్టి కొత్త పైపు వేద్దామంటే కుదరదు, ఆ గోడలే బిల్డింగ్ బరువు మోస్తాయి కాబట్టి వాటిని చెక్కడానికి అసోసియేషన్ కూడా ఒప్పుకోదు. పాయింట్ ఉన్న గోడనే నమ్ముకోవాలి, లేదా వైరు స్కర్టింగ్ వెంబడి పైనుంచే తీసుకోవాలి. మేకు కొట్టడం కూడా కష్టమే, గోడకి బ్రాకెట్ పెట్టి స్పీకర్ వేలాడదీద్దాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఒక చిన్న లెక్క, తప్పకుండా చేయండి

565ని గది కొలతతో (అడుగుల్లో) భాగించండి. వచ్చే సంఖ్య ఆ రెండు గోడల మధ్య బేస్ ఎక్కడ ఉబ్బుతుందో చెబుతుంది. గది పొడవు 12 అడుగులైతే దాదాపు 47 హెర్ట్జ్. వెడల్పు 10 అయితే 56. ధ్వని సెకనుకి సుమారు 1130 అడుగులు వెళుతుంది, గోడకీ గోడకీ మధ్య సగం అల సరిగ్గా పట్టే చోట అది ముందుకీ వెనక్కీ కొట్టుకుని పెరుగుతుంది, దాన్నే రూమ్ మోడ్ అంటారు. మీ పాత హాలు 20 అడుగులు ఉండి ఉంటే అది 28 హెర్ట్జ్ దగ్గర ఉండేది, అంత కిందికి పాటల్లో పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి మీకు ఇబ్బంది తెలిసేది కాదు. ఇప్పుడు అదే ఉబ్బు 50 దగ్గరికొచ్చి కూర్చుంది, బేస్ గిటార్, డోలు, సినిమా పాటల్లో కిక్ డ్రమ్ అన్నీ అక్కడే ఉంటాయి. పాత స్పీకర్లు కొత్త ఇంట్లో గుమ్మంటూ మోగడానికి అసలు కారణం ఇదే, వాటిలో లోపమేమీ లేదు.

ఒక్క జాగ్రత్త. పొడవు, వెడల్పు సమానంగా ఉన్న గది, 10కి 10 లాంటిది, అస్సలు మంచిది కాదు. దానికి ఎత్తు కూడా 10 అయితే మూడు వైపులా అదే 56 హెర్ట్జ్ మీద పడి ఒకే స్వరం పట్టుకుని ఊగుతుంది. రెండు బెడ్‌రూముల్లో ఎంచుకునే వీలుంటే కొంచెం పొడుగ్గా ఉన్నది తీసుకోండి.

ఇంకో లెక్క స్పీకర్‌కీ దాని వెనక గోడకీ సంబంధించింది. వూఫర్ (బేస్ వినిపించే పెద్ద గుండ్రటి భాగం) ముందు వైపు నుంచి వెనక గోడ దాకా ఎన్ని అడుగులో కొలిచి, 282ని దాంతో భాగించండి. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్ళిన బేస్ గోడకి తగిలి తిరిగొచ్చి, ఆ వచ్చిన చోట అసలు శబ్దాన్నే కొంత కొట్టేస్తుంది. 2 అడుగులైతే 141 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, 3 అడుగులైతే 94. మగ గొంతులో బరువు, మృదంగం తొప్పి దెబ్బ, వీణలో మంద్ర స్థాయి అంతా ఈ మధ్యే ఉంటుంది. "గోడకి దూరంగా లాగితే బాగుంటుంది" అని అందరూ చెప్పే సలహా పెద్ద గదికి సరే, ఐదారడుగులు లాగే జాగా ఉన్నవాళ్ళ మాట అది. ఫ్లాట్‌లో అటూ ఇటూ కాకుండా రెండు మూడడుగుల దగ్గర ఆపితే గొంతు పల్చబడిపోతుంది. అందుకని చిన్న గదిలో నేను చెప్పేది దీనికి రివర్స్: గోడకి బాగా దగ్గరగా పెట్టండి, లోతు తక్కువున్న డబ్బా కొనండి. అప్పుడు ఆ గుంట 250 దాటి పైకి పోతుంది, అక్కడ స్పీకర్ శబ్దం ఎక్కువగా ముందుకే వస్తుంది కాబట్టి గోడ దెబ్బ తగ్గుతుంది. గోడ దగ్గర బేస్ సహజంగా పెరుగుతుంది, సిద్ధాంతం ప్రకారం ఒక్క గోడతోనే 6 డెసిబెల్స్ దాకా. అంటే మీకు కావాల్సింది తనంతట తాను బేస్ తక్కువ ఇచ్చే స్పీకర్, మిగతాది గోడ ఇస్తుంది.

ఇది అర్థమైతే సగం మోడళ్ళు లిస్టులోంచి వాటంతటవే పోతాయి.

పాత స్పీకర్లు ఉంచాలా, పంపాలా

అమ్మే ముందు ఒక పరీక్ష చేయండి. ప్యాకర్స్ రాకముందే పాత ఇంట్లోనే చిన్న బెడ్‌రూమ్‌లోకి వాటిని మార్చి, కొత్త ఫ్లాట్‌లో ఎంత దూరంలో కూర్చుంటారో అంతే దూరంలో కూర్చుని ఒక వారం వినండి. వెనక రంధ్రం ఉంటే, అంటే పోర్ట్ ఉంటే, పాత సాక్స్ ఉండలా చుట్టి అందులో పెట్టి చూడండి, బేస్ చాలా సర్దుకుంటుంది. సర్దుకుంటే కొత్తవి కొనాల్సిన పనే లేదు, ఆ డబ్బు పెట్టి మంచి కార్పెట్ కొనుక్కోండి.

వూఫర్ చుట్టూ అంచుని కూడా వేలితో సున్నితంగా తాకి చూడండి. 80ల్లో, 90ల్లో కొన్న చాలా స్పీకర్లకి ఫోమ్ అంచు ఉంటుంది, అది ఏళ్ళు గడిచేకొద్దీ బిస్కెట్‌లా పొడి అయిపోతుంది. రబ్బరు అంచైతే చాలా కాలం ఉంటుంది. ఫోమ్ పోయినంత మాత్రాన స్పీకర్ పోయినట్టు కాదు, అంచు మార్పించుకోవచ్చు. కోటిలో గుజరాతీ గల్లీ వైపు ఆడియో సామాను షాపుల్లో అడిగితే ఆ పని చేసేవాళ్ళ దగ్గరికి దారి చూపిస్తారు. డబ్బా బాగుండి, లోపలి కోన్ చిరగకుండా ఉంటే మార్పించడమే న్యాయం.

పొడుగు టవర్లు, అందులోనూ రెండేసి 8 అంగుళాల వూఫర్లు ఉన్నవి, 10కి 12 గదికి మాత్రం వద్దు. వాటిలో పైనుంచి కిందిదాకా పేర్చిన డ్రైవర్ల (శబ్దం పుట్టించే గుండ్రటి భాగాల) శబ్దం కలిసి ఒకటిగా వినపడాలంటే ఎనిమిది తొమ్మిది అడుగుల దూరం కావాలి, మీరు కూర్చునేది ఆరడుగుల్లో.

ఎలాంటి స్పీకర్ కొనాలి

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి, ఎందుకంటే మీ సమస్యని బీబీసీ ఇంజనీర్లు యాభై ఏళ్ళ కింద పరిష్కరించారు. బయట రికార్డింగ్ చేసే వ్యాన్లలో కూర్చుని వినడానికి వాళ్ళకి చిన్న మానిటర్ స్పీకర్ కావాల్సి వచ్చింది, వ్యాన్ అంటే మన బెడ్‌రూమ్ కన్నా ఇరుకు. అలా 1970ల్లో పుట్టింది ఎల్‌ఎస్3/5ఏ. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, 19 వెడల్పు, 16 లోతు, పూర్తిగా మూసిన డబ్బా. లోతైన బేస్ లేదు, కానీ మనిషి గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు ఉంటుంది. ఆ డిజైన్‌ని ఈ రోజుకీ కొన్ని కంపెనీలు తయారు చేస్తున్నాయి. అందులో వాడిన డ్రైవర్లు చేసింది కెఫ్ కంపెనీ, వాళ్ళే దాని స్ఫూర్తితో 2012లో ఎల్‌ఎస్50 తెచ్చారు, 2020లో మెటా అని దాని కొత్త రూపం వచ్చింది. అందులో ట్వీటర్, అంటే పై స్వరాలు వినిపించే చిన్న డ్రైవర్, వూఫర్ మధ్యలోనే కూర్చుని ఉంటుంది కాబట్టి శబ్దం ఒకే చోట నుంచి వచ్చినట్టు ఉంటుంది, దగ్గరగా కూర్చునేవాళ్ళకి ఇది పెద్ద వరం.

ఇవే కొనమని కాదు, వీటిని చూసి గుణం నేర్చుకోండి. చిన్న డబ్బా, 5 లేదా 5.25 అంగుళాల వూఫర్, లోతు తక్కువ, వీలైతే మూసిన డబ్బా. మూసిన డబ్బాలో బేస్ కిందికి మెల్లగా తగ్గుతుంది, ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున. పోర్ట్ ఉన్నదాంట్లో కొంతదూరం నిండుగా ఉండి తర్వాత 24 చొప్పున దభాలున పడిపోతుంది. గోడ ఇచ్చే పెరుగుదలతో మూసిన డబ్బా చక్కగా కలుస్తుంది. సమస్యేంటంటే మార్కెట్లో మూసిన డబ్బాలు తక్కువ, మనకి దొరికే వార్ఫ్‌డేల్, క్యూ అకౌస్టిక్స్, ఎలాక్, పోల్క్ లాంటి వాటిలో ఎక్కువ పోర్ట్ ఉన్నవే. పర్వాలేదు, పోర్ట్ ముందువైపు ఉన్నదో, లేదా పోర్ట్‌లో పెట్టడానికి ఫోమ్ బిరడాలు ఇచ్చేదో చూసుకోండి. ఎల్‌ఎస్50తో, క్యూ అకౌస్టిక్స్ 3020ఐతో ఆ బిరడాలు ప్యాకింగ్‌లోనే వస్తాయి. మన దేశంలో తయారైనవి కావాలంటే కోల్‌కతా కంపెనీ సోనోడైన్ 1970ల నుంచి ఈ రంగంలో ఉంది, వాళ్ళవీ ఒకసారి విని చూడండి.

యాంప్లిఫైయర్ లోపలే ఉండే యాక్టివ్ స్పీకర్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. జాగా తక్కువ, పెట్టెలు తక్కువ, ఫోన్ నుంచి నేరుగా పాట, హెచ్‌డీఎంఐ ఉన్న మోడళ్ళలో టీవీకి ఆ వైరు ఒక్కటి చాలు. పెద్దవాళ్ళకి నిజంగా సుఖం. కానీ రెండు స్పీకర్లకీ కరెంటు పాయింట్ కావాలి (కొన్ని మోడళ్ళలో ఒకదాని నుంచి ఇంకోదానికి వైరు వెళుతుంది, అడిగి తెలుసుకోండి), పైగా లోపల బోర్డు పోతే స్పీకర్ మొత్తం సర్వీస్‌కి వెళ్ళాలి. మామూలు పాసివ్ స్పీకర్ (యాంప్ విడిగా ఉండేది) ముప్పై ఏళ్ళు ఉంటుంది, యాంప్ పోతే యాంప్ ఒక్కటే మారుస్తారు. రిపేర్ల గొడవ వద్దు, వైర్లు వద్దు అనుకునేవాళ్ళు యాక్టివ్, మిగతావాళ్ళు పాసివ్. నా వరకు పాసివే.

అమెరికా నుంచి అబ్బాయి తెస్తానంటున్నాడా? పాసివ్ స్పీకర్లైతే తెమ్మనండి, వాటికి కరెంటుతో పని లేదు. యాంప్ గానీ యాక్టివ్ స్పీకర్ గానీ అయితే వెనకాల 100-240 అని రాసుందో లేదో ఫోటో తీసి పంపమనండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సిందే.

కాగితం మీది నంబర్లు చదవడం

నాలుగు చూడండి చాలు.

బేస్ ఎక్కడిదాకా వెళుతుందన్న నంబర్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అనుందా, మైనస్ 6 అనుందా చూడండి, శబ్దం ఎంత తగ్గిన చోట కొలిచారో అది చెబుతుంది. ఎల్‌ఎస్50కే కంపెనీ రెండూ ఇస్తుంది: మైనస్ 6 దగ్గర 47 హెర్ట్జ్, ప్లస్ ఆర్ మైనస్ 3లో 79 హెర్ట్జ్. అదే స్పీకర్, రెండు నంబర్లు. ఏదీ రాయకుండా ఊరికే 40 అని వేసే బ్రోచర్‌ని నమ్మకండి. మీ గదిలో 50 దగ్గర ఉబ్బు ఎలాగూ ఉంది కాబట్టి 60, 65 దాకా నిజాయితీగా వెళ్ళే స్పీకర్ మీకు చాలు.

సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కి ఒక మీటర్ దూరంలో ఎంత శబ్దం. 86 డెసిబెల్స్ అనుకోండి. రెండు మీటర్ల దూరానికి 6 పోతుంది, స్పీకర్లు రెండు కాబట్టి 3 తిరిగొస్తుంది, ఒక్క వాట్‌తోనే 83. ఇంట్లో హాయిగా వినేది 65, 70 దగ్గర. పాటలో ఉన్నట్టుండి డప్పు పడ్డప్పుడు 20 పెరిగినా 90, దానికి ఐదారు వాట్లు చాలు. కాబట్టి 40, 50 వాట్ల మంచి యాంప్ మీకు సరిపోతుంది, 200 వాట్లు అమ్మజూపేవాడికి దండం పెట్టి వచ్చేయండి. వాట్లు ఆర్‌ఎంఎస్‌లో (నిలకడగా ఇచ్చే పవర్) అడగండి, పీఎంపీఓ అని వేల వాట్లు రాసేది లెక్కలోకి తీసుకోకూడని నంబర్.

ఇంపీడెన్స్, అంటే యాంప్ కరెంటుకి స్పీకర్ ఇచ్చే నిరోధం, 4 ఓమ్‌లైతే మీ యాంప్ 4 ఓమ్‌లకి పనిచేస్తుందో లేదో దాని వెనక చూడండి. 6, 8 అయితే బెంగ లేదు.

నాలుగోది లోతు, సెంటీమీటర్లలో. వెనక వైరు గుచ్చడానికి ఇంకో 5 కలుపుకోండి. చాలామంది ఇది చూడరు, తర్వాత టీవీ యూనిట్ మీద స్పీకర్ ముందుకి వేలాడుతుంది.

తక్కువ సౌండ్‌లో వినేవాళ్ళ కోసం

ఇది ఫ్లాట్ బతుకులో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, అయినా ఎవరూ మాట్లాడరు. పాత ఇంట్లో మీకు కాంపౌండ్ వాల్ ఉండేది, ఇక్కడ అవతలి గోడే పక్కవాళ్ళ బెడ్‌రూమ్. దేశంలో 2000 నుంచి ఉన్న శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఆ నంబర్ దాకా పోనక్కర్లేదు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీ ఫ్లాట్ నంబర్ రాకుండా ఉంటే చాలు.

సౌండ్ తగ్గిస్తే మన చెవికి బేస్ మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గినట్టు వినపడుతుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. అందుకే పాత యాంప్‌లకి లౌడ్‌నెస్ బటన్ ఉండేది, తక్కువ సౌండ్‌లో కింది స్వరాలని కొంచెం లేపుతుంది. ఇప్పుడు చాలా యాంప్‌లలో తీసేశారు, యమహా ఏ-ఎస్ సిరీస్‌లో ఏ-ఎస్301, 501 లాంటి వాటికి తిప్పుకునే లౌడ్‌నెస్ నాబ్ ఇంకా ఉంది. ఫ్లాట్‌లోకి మారేవాళ్ళు యాంప్ కొంటే లౌడ్‌నెస్ గానీ కనీసం బేస్, ట్రెబుల్ నాబులు గానీ ఉన్నదే కొనండి. వాటిని నామోషీగా చూసేవాళ్ళ మాట పట్టించుకోవద్దు, రాత్రి తొమ్మిదిన్నరకి మెల్లగా కచేరీ వినేటప్పుడు మృదంగం మృదంగంలా వినపడాలంటే అవే దిక్కు.

షాపులో కూడా అంతే, స్పీకర్‌ని పెద్ద సౌండ్‌లో విన్న తర్వాత, మనం మాట్లాడుకుంటే మాట వినపడేంత తగ్గించి మళ్ళీ వినండి. కొన్ని అప్పుడు చచ్చిపోతాయి, కొన్ని ప్రాణంతో ఉంటాయి. మీకు కావాల్సింది రెండో రకం.

షోరూమ్‌కి వెళ్ళేటప్పుడు

మీకు బాగా తెలిసిన పాటలే పట్టుకెళ్ళండి. షాపువాళ్ళు వేసే ఇంగ్లీషు ఆడియోఫైల్ ట్రాక్ ఏ స్పీకర్ మీదైనా బాగుంటుంది, దాంతో మీకేం తెలియదు. తంబూరా శ్రుతి ఒక రెండు నిమిషాలు వినండి, చెవికి గుచ్చుకుంటే ట్వీటర్ గట్టిదని అర్థం, గంట వింటే తలనొప్పి వస్తుంది. నాదస్వరం, డోలు కలిసిన ముక్క ఒకటి, ఆ రెండూ కలగాపులగం కాకుండా విడివిడిగా ఉండాలి. ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు. రేడియో వార్తలు చదివే గొంతు కూడా చాలా మంచి పరీక్ష, మనిషి మాట ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు కాబట్టి తేడా ఇట్టే దొరుకుతుంది.

ఇక మోనో పాట, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది, ఒకటి తప్పనిసరి. ఘంటసాల గారి కాలం సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోనే, మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. తర్వాత స్టీరియో చేసిన వెర్షన్ కాకుండా అసలుది వేయండి. రెండు స్పీకర్ల మధ్యలో, ఏమీ లేని చోట, గొంతు ఒక మనిషి వెడల్పులో నిలబడాలి. గొంతు అటూ ఇటూ పరుచుకుంటే ఆ జత సరిగా కలవలేదు, లేదా షాపులో వైరు ప్లస్ మైనస్ తారుమారైంది, చూడమనండి.

రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు సౌండ్ సమానం చేయించండి, ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ చాలు. కొంచెం ఎక్కువ మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, అమ్మేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. కూర్చునేది కూడా ఆరడుగుల దూరంలోనే, కుర్చీ ముందుకి లాక్కోండి, మొహమాటపడకండి. వీలైతే ఇంటికి తెచ్చి వినిపిస్తారా అని అడగండి, ఖరీదైన జత కొనేటప్పుడు కొందరు ఒప్పుకుంటారు. షోరూమ్ గోడలకి ఫోమ్, కింద కార్పెట్ ఉంటాయి, మీ ఇంట్లో వెట్రిఫైడ్ టైల్స్, కాబట్టి అక్కడ కొంచెం మెత్తగా ఉందనిపించిన స్పీకరే ఇంట్లో సరిగ్గా ఉంటుంది.

ఇంటికొచ్చాక పెట్టే పద్ధతి

రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కోదాని నుంచి మీ తలకి దూరం, మూడూ సమానంగా ఉండాలి. 10కి 12 గదిలో ఐదున్నర, ఆరు అడుగులు బాగా కుదురుతుంది. ట్వీటర్ మీ చెవి ఎత్తులో, కూర్చున్నప్పుడు నేల నుంచి 36 నుంచి 40 అంగుళాలు, మీ కుర్చీలో కూర్చుని కొలవండి. 24 నుంచి 28 అంగుళాల స్టాండ్ ఇందుకే. స్టాండ్ కొనకుండా కార్పెంటర్‌తో చేయించుకున్నా బాగుంటుంది, బరువుగా ఉండాలి, పునాది పలక వెడల్పుగా ఉండాలి, మనవలు తగిలినా ఒరగకూడదు. కింద రబ్బరు బుడిపెలు పెట్టించండి, మాప్ నీళ్ళు తగిలి ప్లైవుడ్, ఎండీఎఫ్ ఉబ్బిపోతుంది.

షోకేస్ అరలోకి స్పీకర్ తోసేయడం మాత్రం వద్దు. మూడువైపులా చెక్క మూసుకుని గొంతు బావిలోంచి వచ్చినట్టవుతుంది. టీవీ యూనిట్ మీద తప్పదంటే అంచు దాకా ముందుకి జరిపి, కింద మెత్తటి రబ్బరు ప్యాడ్లు వేసి, ముఖం కొంచెం పైకి ఎత్తండి.

తర్వాత మళ్ళీ ఆ మోనో పాట వేసి స్పీకర్లని లోపలికి కొంచెం కొంచెం తిప్పుతూ వినండి, గొంతు మధ్యలో గట్టిగా నిలబడ్డ చోట ఆపేయండి. నేల మీద మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టండి, రోజూ ఊడ్చేటప్పుడు జరుగుతాయి కదా.

కుర్చీ గది సరిగ్గా మధ్యలో వద్దు, అక్కడ ఆ 47 హెర్ట్జ్ దాదాపు మాయమైపోతుంది. వెనక గోడకి ఆనించినా వద్దు, అక్కడ అదే రెట్టింపై మీద పడుతుంది. వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి అరడుగు అటూ ఇటూ జరుపుకోండి. సోఫా గోడకి ఆనించక తప్పదు అనేవాళ్ళు తల వెనక గోడకి మందపాటి పరదానో, పుస్తకాల అల్మారానో ఉండేలా చూసుకోండి, స్పీకర్ పోర్ట్‌లో బిరడా పెట్టేయండి.

వైరుకి వేలు పోయొద్దు. గదిలో పది పదిహేనడుగుల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు, ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే, చక్కగా సరిపోతుంది.

టైల్స్, గాజు, కింది ఫ్లాట్

ఖాళీ ఫ్లాట్‌లో చప్పట్లు కొట్టండి, టంగుమని మోగుతుంది. సామాను వచ్చాక కొంత తగ్గుతుంది, చాలదు. మీకూ స్పీకర్లకీ మధ్య నేల మీద మందపాటి కార్పెట్, బాల్కనీ గాజుకి బరువైన కర్టెన్లు, ఒక పక్క గోడకి పుస్తకాలు, ఈ మూడూ చేస్తే కొత్త స్పీకర్ కొన్నంత తేడా వస్తుంది. వరంగల్ దర్రీలు అందంగా ఉంటాయి, 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, కానీ ఒక్క పొర పల్చగా ఉంటుంది, పై స్వరాలనే పట్టుకుంటుంది. కింద ఒక ఫెల్టో పాత బొంతో వేసి పైన దర్రీ పరవండి. మందపాటి కర్టెన్లకి, కార్పెట్లకి హైటెక్ సిటీ ఐకియాలో తిరిగి చూడొచ్చు. బేస్‌ని మాత్రం ఇవేవీ ఆపలేవు, 50 హెర్ట్జ్ అల పొడవు 22 అడుగులు, అర అంగుళం గుడ్డ దానికి అడ్డేమిటి. బేస్‌ని అదుపు చేసేది స్పీకర్ ఎంపిక, కుర్చీ చోటు, అంతే.

సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) కావాలా అంటే, మొదటి ఆరు నెలలు వద్దు. తర్వాత కూడా వెలితిగా ఉంటే 8 అంగుళాల మూసిన డబ్బా సబ్ ఒకటి, 80 హెర్ట్జ్ దగ్గర కలిపి, అది ఉందన్న సంగతి తెలియనంత తక్కువలో పెట్టుకోండి. కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ వేసి శ్లాబ్‌కి వణుకు అంటకుండా చూడండి, కాంక్రీట్ బిల్డింగ్‌లో ఆ వణుకు రెండంతస్తుల అవతల కూడా తెలుస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక సబ్ స్విచ్ ఆఫ్. సిస్టమ్ పెట్టిన మొదటి వారంలోనే కింది ఫ్లాట్ వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి "మేం సాయంత్రాలు పాటలు వింటాం, ఇబ్బందైతే మొహమాటం లేకుండా ఒక్క ఫోన్ చేయండి" అని చెప్పి రండి. ఇంకా వీలైతే వాళ్ళింట్లో ఐదు నిమిషాలు కూర్చుని, పైన మీ వాళ్ళని మామూలు సౌండ్‌లో పాట వేయమనండి. ఎంత వినపడుతుందో మీ చెవులతోనే తెలుసుకుని, యాంప్ నాబ్ మీద ఆ గీత దాటకుండా గుర్తు పెట్టుకోండి.

స్పీకర్ వచ్చిన అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకండి, లాఫ్ట్ మీద పడేయండి. వారంటీలో సర్వీస్‌కి పంపాల్సి వచ్చినా, రేపు వేరే ఫ్లాట్‌కి మారినా అవి లేకుండా కొరియర్‌లో పంపితే మూలలు చితికి వస్తాయి.